వెంకమ్మ వచ్చేదాకా

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కుదురుగా కూర్చోలేకపోయాను. లేచి మెట్ల దాకా వెళ్ళాను, తిరిగొచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. నా మనవరాలు స్రవంతి అది చూసి నవ్వింది.

"సూది నాకు తాతా. నీకు కాదు," అంది.

పక్కనే ఉన్న కమ్లీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. ఇద్దరివీ ఒకే రంగు బట్టలు. కావాలనే వేసుకొచ్చారు.

పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు సర్కారు ఉచితంగా వేస్తున్న సూది అది. గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌ను రానివ్వదట. పదిహేను నిండితే ఇక వేయరు. నా భార్య సమ్మక్క ఆ జబ్బుతోనే పోయింది. అందుకే కిరండూల్ రైల్వే క్వార్టర్ నుంచి మా అమ్మాయి నాగలక్ష్మి రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తీసింది. "మా పాపకు వైజాగ్‌లో ఎప్పుడో వేయించాం నాన్నా. అక్కడ ఊరికే వేస్తుంటే మీరు పొలం పనులంటూ కూర్చోకండి," అంది. స్రవంతి తండ్రి, నా కొడుకు సతీష్, పొద్దున్నే కాగితం మీద సంతకం పెట్టి కోడలితో కలిసి మోటారు దగ్గరికి పోయాడు. మా ఊరు గొల్లపల్లి నుంచి పిల్లను తీసుకురావడం నా వంతు.

కమ్లీ కాగితం మీద మాత్రం సంతకం లేదు.

కమ్లీ వాళ్ళు దోర్ల ఆదివాసులు. మా ఊరి వాగు అవతల నాలుగు గుడిసెల పారా, చిన్న గూడెం, వాళ్ళది. మిరప కోతలు వచ్చాయంటే ఆ పారాలో ముసలివాళ్ళు, చిన్నపిల్లలు, మేకలు మిగులుతాయి. కమ్లీ తల్లి వెంకమ్మ, తండ్రి జోగ బార్డర్ దాటి తెలంగాణ చేలకు పోయి నెల దాటింది. తమ్ముళ్ళను చూసుకోవాలని కమ్లీ బడి మానేసింది. బడిలో మాస్టారు సూది కోసం పేర్లు రాసుకున్న రోజు ఆమె అక్కడ లేదు. మైకు కట్టిన ఆటో హిందీలో చెప్పుకుంటూ తిరిగింది గానీ వాగు దాటలేదు. ఆ పొద్దు వరండా నిండా ఆడపిల్లలు. ఆ పారా నుంచి వచ్చింది కమ్లీ ఒక్కతే. అదీ స్రవంతి చెయ్యి పట్టి లాక్కొస్తే.

వాళ్ళిద్దరూ గజామూంగ్‌లు. రెండేళ్ళ కింద నాగలక్ష్మి ఇద్దరినీ జగదల్‌పూర్ రథం పండక్కి తీసుకెళ్ళింది. అక్కడ మొలకెత్తిన పెసలు ఒకరికొకరు ఇచ్చుకుని దేవుడి ముందు స్నేహం కట్టుకున్నారు. మా బస్తర్‌లో అలా కట్టుకున్నాక కులం అడ్డం రాదు. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, గజామూంగ్ అనే పిలుస్తారు. ఒకరి తల్లి ఇంకొకరికి తల్లే. ఒకరి తాత ఇంకొకరికి తాతే.

మా వంతు వచ్చింది. నర్సు రేణుక జగదల్‌పూర్ మనిషి, తెలుగు రాదు. కమ్లీ ఆధార్ చూసింది. వయసు సరిపోయింది. వానలు పడేసరికి పదిహేను నిండుతాయి.

"తల్లిదండ్రులు ఏరి?" అని హిందీలో అడిగింది.

"మిరప కోతలకు పోయారు," అని స్రవంతి హిందీలోనే చెప్పింది. "మేం గజామూంగ్‌లం. ఇదిగో మా తాత. ఈమెకూ తాతే."

రేణుక ముఖం విచ్చుకుంది. "నాకూ ఉంది గజామూంగ్. నా పెళ్ళికి నాకంటే ఎక్కువ ఏడ్చింది," అంది. "అయితే చిక్కే లేదు. దాదా, ఇక్కడ సంతకం పెట్టు." పెన్ను నా చేతిలో పెట్టింది.

పెన్ను పట్టుకుని నిలబడ్డాను. వెనక వరసలో ఎవరో తల్లి తొందరపెట్టింది.

"నేను పెట్టను," అన్నాను.

స్రవంతి నా వైపు తిరిగింది. "ఏంది తాతా?"

"వాళ్ళమ్మని అడగాలె."

"వాళ్ళమ్మ చేలో ఉంది. ఫోన్ లేదు. ఎట్ల అడుగుతవ్?"

నేను పెన్ను అటూ ఇటూ తిప్పాను. దాంతో దానికి కోపం వచ్చింది.

"రథం కాడ్నించి వచ్చిన్నాడు అత్త ముందు ఏమన్నవ్? ఇద్దరూ నా మనవరాళ్ళే అన్నవా, అనలేదా?"

"అన్న."

"మరి సంతకం కాడికి వచ్చేసరికి దోర్ల పిల్ల అయిందా?"

వరసలో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. కమ్లీ చున్నీ సర్దుకుని మెట్ల వైపు జరిగింది. "వద్దులే గజామూంగ్. నేను పోతా. మేకలు ఇడవాలె," అంది.

"నువ్వు నోరు మూసుకుని కూసో. నీకు ఏయకుంటే నాకూ వద్దు," అని స్రవంతి తన కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

రేణుకకు మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. నుదురు చిట్లించింది. "ఈ పక్కకు ఇదే ఆఖరు రోజు దాదా. తర్వాత కావాలంటే సుక్మా పెద్దాసుపత్రికి పోవాలి. డాక్టర్ సాబ్ నాలుగింటికి బయల్దేరతాడు. ఈ పారాలవాళ్ళ సంగతి నాకు తెలుసు. భయం. రారు."

"భయం కాదు," అన్నాను.

ఇంకేదో చెబుతానని ఆమె చూసింది. నేను చెప్పలేదు.

చెప్పడానికి లేక కాదు. వెంకమ్మ చిన్నప్పుడు, అడవిలో పోరు నడిచి ఊళ్ళు తగలబడిన రోజుల్లో, వాళ్ళవాళ్ళు గోదావరి వైపు పారిపోయారు. అక్కడ ఆమెను ఒక హాస్టల్లో చేర్చారు. రెండుసార్లు ఆడపిల్లలను వరసగా నిలబెట్టి ఏదో సూది వేశారు. ఇళ్ళల్లో ఎవరినీ అడగలేదు. అందరి తరఫునా వార్డెనమ్మే సంతకాలు పెట్టేసింది. ఆ తర్వాత ఏవేవో మాటలు లేచాయి. ఎక్కడో ఏ పిల్లో పోయిందన్నారు. సూది వల్లే అన్నవాళ్ళున్నారు, కాదన్నవాళ్ళూ ఉన్నారు. వెంకమ్మ తల్లి అది విని నడుచుకుంటూ వెళ్ళి పిల్లను తీసుకొచ్చేసింది. మళ్ళీ పంపలేదు. సమ్మక్క మంచాన ఉన్నప్పుడు వెంకమ్మ ఆమె కాళ్ళు పడుతూ చెప్పింది ఇదంతా. "చెయ్యి నాది పెద్దయ్యా, సంతకం ఇంకొకామెది," అంది. ఆ మాట నాకు గుచ్చుకుని ఉండిపోయింది.

దీన్ని అంతమంది మధ్య ఎలా చెప్పను? కమ్లీకి తల్లి చెప్పిందో లేదో కూడా తెలియదు. పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"వాళ్ళమ్మ ఫోన్‌లో ఔనంటే?" అని రేణుకను అడిగాను.

"చాలు. అప్పుడు నువ్వు పెట్టు."

"నాలుగింటి దాకా సూదుల డబ్బా మూయకండి," అని మెట్లు దిగాను. స్రవంతి నా వైపు చూడలేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. రోడ్డు పక్క ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు కూడా నీడకు పోయారు. కూలీలను మిరప కోతలకు పంపేది రాంప్రసాద్. రోడ్డు మలుపులో అతని కిరాణా కొట్టు. దాదాపు పరుగెత్తాను. చెప్పు తెగింది. చేత్తో పట్టుకుని పోయాను.

"ఓహో, ముసలయ్య మామ! చెప్పులు చేతుల పట్టుకుని ఉరుకుతన్నవ్, ఎవర్ని కొట్టనీకి?" అన్నాడు రాంప్రసాద్.

"ఫోన్."

"ఫోన్ అంటే? కొంటవా, అమ్ముతవా, తింటవా? ఇంకో రెండు మాటలు కలుపు మామా. ఊరికేనే కదా."

"మేస్త్రీకి కొట్టు. వెంకమ్మతో మాట్లాడాలె."

అతని నవ్వు ఆగింది. "ఎవరు పోయిండ్రు?"

"ఎవరూ పోలే."

"ఎవరూ పోకుండ కోత నడుమ ఫోన్ ఇయ్యడు తాతబాబు." అన్నాడే గానీ ఫోన్ తీశాడు. కొట్టులో సిగ్నల్ దొరకలేదు. వెనక రాతి గుండు ఎక్కాం. అక్కడ ఒక మూల నిలబడితే దొరుకుతుంది. మెడ కొంచెం తిప్పినా పోతుంది.

ఆ మేస్త్రీ తాతబాబు శ్రీకాకుళం వైపు మనిషి. "ఏటండీ ఇప్పుడు? పని మీద ఉన్నారు అందరూ. బువ్వలకి ఆగినప్పుడు సెయ్యండి," అని పెట్టేశాడు.

బువ్వలకు ఎప్పుడు ఆగుతారో రాంప్రసాద్‌కూ తెలియదు. కొట్టు ముందు కూర్చోమని స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. గుండు మీదికీ కిందికీ తిరిగాను. ఆసుపత్రి వైపు నుంచి ఆటోలు వెళ్ళిపోతున్నాయి. సూది వేయించుకున్న పిల్లలు చేతులు పట్టుకుని అరుచుకుంటూ పోతున్నారు. వాటిలో స్రవంతి ఉందేమోనని ప్రతి ఆటోలోకీ తొంగి చూశాను. ఉండదని తెలుసు. దాని మొండితనం సమ్మక్కది.

ఒక్క గీత గీసి ఉంటే ఈపాటికి ఇద్దరికీ అయిపోయేది. ఆ మాట కూడా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

రాంప్రసాద్ మళ్ళీ కొట్టాడు. ఈసారి తాతబాబు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడాడు. తర్వాత వెంకమ్మ గొంతు. ఆయాసపడుతోంది.

"కమ్లీకి ఏమైంది?"

"ఏం కాలే. ఆసుపత్రిల ఉంది."

"అయ్యో! ఏమైంది పెద్దయ్యా?"

రాంప్రసాద్ నెత్తి కొట్టుకున్నాడు. "ఎవరన్నా అట్ల చెప్తరా మామా!" అన్నాడు.

"మంచిగనే ఉంది. సూది ఏస్తన్నరు," అన్నాను.

అవతల ఆయాసం ఆగిపోయింది. ఫోన్ పోయిందేమో అనుకుని మెడ కదపకుండా నిలబడ్డాను.

"ఏం సూది?" అంది చాలాసేపటికి.

"సమ్మక్క జబ్బు రాకుండ ఏసేది. నన్ను సంతకం పెట్టమన్నరు."

"పెట్టినవా?"

"పెట్టలే."

గట్టిగా ఊపిరి వదిలింది. "నాకు ఏసింది గిదేనా పెద్దయ్యా?"

"నాకు తెల్వదు బిడ్డా."

"నువ్వేమంటవ్?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగరు. రాంప్రసాద్‌కు వీపు తిప్పాను. "సమ్మక్క ఆఖరికి నీళ్ళు కూడ తాగలే. తాగితే పోసుకోవాలె, పోసుకుంటే నొప్పని. నువ్వు చూసినవ్."

"చూసిన."

"స్రవంతికి నేను ఏయిస్తన్నా. నీ బిడ్డది నువ్వు చెప్పు. ఫోన్‌లో ఔనంటే చాలంట. నేను పెడత."

"ఫోన్‌లో వద్దు," అంది. "నా బిడ్డకు నేనే పెడతా. నేనొచ్చేదాక దాని చెయ్యి ఎవర్నీ ముట్టుకోవద్దను."

వెనక తాతబాబు అరుపు వినిపించింది. "ఏటే, ఎక్కడికెల్తావ్? సాయంత్రం లారీ వొస్తాదే!"

"నా బిడ్డ కాడికి," అన్న మాట వినిపించి ఫోన్ ఆగిపోయింది.

తిరిగి వెళ్ళేసరికి వరండా ఖాళీ అయింది. బల్ల మీద ఆ ఇద్దరే ఉన్నారు.

"వస్తంది," అన్నాను.

"ఎవరు?" అంది స్రవంతి, గోడకేసి చూస్తూనే.

"వెంకమ్మ."

కమ్లీ లేచి నిలబడింది. "మా యమ్మనా? నాకోసం కోత ఇడిసిపెట్టి? తంతది నన్ను!"

స్రవంతి ఇటు తిరిగింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆమెని పిలుస్తనని ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పిన."

"ఎప్పుడు?"

"వాళ్ళమ్మని అడగాలె అన్న."

"అది చెప్పుడా! నీతోని ఏగలేం తాతా," అని కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.

రేణుక ఐసు డబ్బా పక్కన పెట్టి రిజిస్టరు కట్ట కట్టింది. స్రవంతికైనా వేస్తానంది. అది తల అడ్డంగా ఊపింది. నాకు దాన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టాలనిపించింది. వెంకమ్మ రాకపోతే? దారిలో బండి ఆగితే? నా మనవరాలిదీ పోతుంది. లేచి గేటు దాకా వెళ్ళాను. ఏ మోటారు చప్పుడైనా వాళ్ళదే అనిపించింది. ట్రాక్టరు పోయింది. పోలీసు బండి పోయింది. బస్సు ఆగింది, ఒక మేకను దింపి పోయింది.

లోపల గోడ గడియారం నాలుగు దాటింది. డాక్టర్ రాజేశ్వరరావు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

నేను రేణుకకు అడ్డం నిలబడ్డాను. వచ్చీరాని హిందీలో చెప్పాను. హాస్టల్ సంగతి, వార్డెనమ్మ సంతకం సంగతి, వెంకమ్మ చేలో నుంచి బయల్దేరిన సంగతి. కమ్లీ వింటుందని తెలిసే చెప్పాను. ఇక దాచి లాభం లేదు. మధ్యలో హిందీ అయిపోతే తెలుగులో చెప్పాను. డాక్టర్‌కు తెలుగు వచ్చు. ఆగి విన్నాడు.

ఆయన డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు. ఇంజను ఆగింది. వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఎంత దూరంలో ఉందామె?" అన్నాడు.

"బార్డర్ అవతల."

"బండి మీద వస్తోందా?"

"తెల్వదు సార్."

కమ్లీ స్రవంతి చెవిలో ఏదో అడిగింది. స్రవంతి తెలియదన్నట్టు తల ఊపింది.

నీడలు గేటు దాటాక బండి వచ్చింది. జోగ నడుపుతున్నాడు. వెనక వెంకమ్మ, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వెంట్రుకల్లో ఎర్ర దుమ్ముతో. దిగి కూతురి వైపు చూడలేదు.

"డాక్టర్ ఎవరు?" అంది.

రాజేశ్వరరావు లేచాడు.

"చిన్నప్పుడు హాస్టల్ల నాకు రెండుసార్లు ఏసిండ్రు. మూడోది ఏయకముందు మా యమ్మ తీసుకపోయింది. అది గిదేనా?"

ఎక్కడ, ఏ ఏడు అని ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు.

"అయ్యుండొచ్చు. కాదేమో కూడా. నాకు తెలియదమ్మా."

"తెల్వదా?"

"తెలియదు."

వెంకమ్మ ముఖం మీది తువ్వాలు లాగేసింది. "అప్పుడు మేం అడిగితే బలం సూది అన్నరు. ఒకామె జ్వరం సూది అంది. తెల్వదని ఎవరూ అనలే," అంది.

అప్పుడు ఆయన ఈ సూది గురించి చెప్పాడు. చెయ్యి నొప్పి పుడుతుంది, కొందరికి జ్వరం వస్తుంది, ఒకరిద్దరికి కళ్ళు తిరుగుతాయి, అందుకే అరగంట కూర్చోబెడతాం అన్నాడు. వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష చేయించుకుంటూ ఉండాలన్నాడు. వెంకమ్మ ఆయన నోటి వంకే చూస్తూ విన్నది.

బండి దగ్గరే నిలబడిన జోగ గొంతు సవరించుకున్నాడు. "పిల్లలు పుడతరా?" అన్నాడు.

వెంకమ్మ గిరుక్కున తిరిగింది. "నాకు ఏసింది గిదే అయితే, నీ ముగ్గురు పిల్లలు యాడికెల్లి వచ్చిండ్రు? వాగుల దొరికిండ్రా?"

డాక్టర్ తల దించుకుని నవ్వాడు. స్రవంతి పగలబడి నవ్వింది. జోగ బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతే వెంకమ్మ కూతురి ముందుకు వెళ్ళింది. "నీకు ఏయించుకోవాలనుందా?" అంది.

కమ్లీ స్రవంతి వైపు చూసింది.

"ఆమెని చూడకు. నన్ను చూసి చెప్పు."

"ఉంది," అంది కమ్లీ. "భయం కూడ ఉంది."

"ఉంటది."

వెంకమ్మ పెన్ను తీసుకుంది. హాస్టల్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, ఆగి ఆగి, పేరు మొత్తం తెలుగులో రాసింది. రేణుక అది చూసి హిందీలో రాయలేవా అని అడిగింది. నాకు వచ్చింది ఇదే అని వెంకమ్మ ముక్కలు ముక్కలుగా హిందీలో చెప్పింది. రేణుక కాగితం తీసుకుంది.

కమ్లీ కుర్చీలో కూర్చుంది. భుజం దాకా కుర్తా చెయ్యి పైకి జరిపి, రెండో చెయ్యి తల్లి కోసం చాచింది. వెంకమ్మ చటుక్కున వెనక్కి తగ్గింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ముట్టుకోకు. మిరప చేతులు. సబ్బుకి కూడ పోదు, రాత్రంత మండుతది నీకు," అంది. తర్వాత స్రవంతికేసి చూసి, "నువ్వు పట్టుకోవే," అంది.

స్రవంతి కమ్లీ చెయ్యి పట్టుకుంది. కమ్లీ కళ్ళు మూసుకుంది. వెంకమ్మ మూసుకోలేదు. సూది లోపలికి పోవడం, బయటికి రావడం, దూది పెట్టడం, అంతా రెప్పవేయకుండా చూసింది. ఎర్రబడిన వేళ్ళు వెనక ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి.

తర్వాత స్రవంతి. అది పెట్టిన కేకకు డ్రైవరు లోపలికి తొంగిచూశాడు. "నేను అరవలే," అంది కమ్లీ గర్వంగా.

అరగంట కూర్చోవాలి. జోగ బండి చుట్టూ తిరుగుతున్నాడు. అది తాతబాబు దగ్గర అడిగి తెచ్చిన బండి, రాత్రికి తిరిగి ఇవ్వాలి. వెంకమ్మ మెట్టు మీద నా పక్కన, చేతులు మోకాళ్ళ మీద దూరంగా పెట్టుకుని కూర్చుంది.

"నువ్వే పెట్టుంటే పొద్దుగాలే అయిపోయేది పెద్దయ్యా. ఒక పూట పని పోయింది నాది," అంది.

"అయిపోయేది," అన్నాను.

పిల్లలిద్దరూ లోపల ఎవరి చెయ్యి ఎక్కువ నొప్పో పోట్లాడుకుంటున్నారు.

"మా పారాల ఇంకా ముగ్గురున్నరు దీని ఈడోళ్ళు," అంది వెంకమ్మ. "వాళ్ళమ్మలు నా పక్క సాలులనే కోస్తరు. ఈ రాత్రికి చెప్త. వస్తమంటే సుక్మా ఎట్ల పోవాలె? మాకు హిందీల అడిగేటోడు లేడు."

"నాకు మాట్లాడుడు రాదు," అన్నాను.

"ఇయ్యాల మాట్లాడినవంట గద. కమ్లీ చెప్పింది."

జోగ బండి స్టార్ట్ చేశాడు. ఆమె లేచి, తలుపు దగ్గర నిలబడి కూతుర్ని దూరం నుంచే ఒకసారి చూసుకుని వెళ్ళి ఎక్కింది. డాక్టర్ కూడా జీపు వైపు నడుస్తున్నాడు. నేను మెట్లు దిగి ఆయన వెంట పడ్డాను.

"సార్, సుక్మాల ఏ రోజు ఏస్తరు?" అని అడిగాను.